సీలాసు గారి సైకిలు

క్వయర్ ప్రాక్టీసు అయ్యాక
స్టీలు గిన్నెలో చీటీలు కలిపారు.
నాకు సీలాసు గారొచ్చారు.
మూడొందలు దాటకూడదు,
ఎవరిచ్చారో బయటికి పొక్కకూడదు.

పొగాకు కంపెనీలో ఆకు రంగు చూసి
గ్రేడు చెప్పిన కళ్లు ఆయనవి.
రిటైరయ్యాక వాటిని పిట్టలకిచ్చేశారు.
తెల్లారకముందే బ్రాడీపేట నాలుగో లైన్లోంచి
ఉప్పలపాడు చెరువుకి సైకిలు.
ఏ తుమ్మచెట్టు మీద ఏ గూడబాతు
ఎన్ని పిల్లల్ని లేపిందో
పాత లెడ్జరులో ఎర్రసిరాతో లెక్క.

అలాంటి మనిషికి ఏం కొంటాం?

అరండల్‌పేటలో కొట్టబ్బాయి
గాజు బీరువాలోంచి బైనాక్యులర్ తీశాడు, రెండొందల ఎనభై.
కళ్లకి పెట్టుకుంటే
ఎదురు మేడ మీద ఆరేసిన లుంగీ
రెండు లుంగీలైంది.
పిట్టబొమ్మ కప్పుంది:
మంచుకొమ్మ మీద ఎర్రరొమ్ము పిట్ట,
గుంటూరు ఎండ మొహం చూసెరగదు,
అందులో టీ తాగితే జలుబు చేస్తుంది.
గంటకో పిట్ట కూసే గోడగడియారం,
పన్నెండింటికి కోకిలట.
డిసెంబరులో కోకిల కూసిందంటే
సీలాసు గారు దాన్ని గోడ మీద ఉంచుతారా?

లాలాపేట సందులో పంజరాలు.
"లవ్‌బర్డ్స్ జంట మూడొందలే మేడం, గింజలు ఫ్రీ."
ఒకటి నా గాజులకేసి తల వంచి చూసింది.
అక్కడ నిలబడలేకపోయాను.

నేనూ ఒకసారి వెళ్లాను ఆయనతో.
మిర్చియార్డులో కాటాచీటీలు రాసే ఒళ్లు నాది,
తలంటుకున్నా ఘాటు వదలదు.
ఎర్ర చుడీదార్ చూసి మొహం చిట్లించి
తన బురదరంగు తువ్వాలు కప్పారు.
నత్తగుల్ల కొంగ ముక్కులో
ఆ సందు ఎందుకుందో చెబుతుంటే
నాకు తుమ్మొచ్చింది.
చెరువంతా లేచింది.
"పోన్లేమ్మా, ఎగిరేటప్పుడూ లెక్కపెట్టొచ్చు" అన్నారు,
గబగబా వేళ్లు మడుస్తూ.

ఇరవయ్యో తారీఖు. ఇంకా ఏమీ కొనలేదు.
ఐదింటికి మెలకువొచ్చింది, ఎప్పటిలాగే,
కిర్రు... కిర్రు... కిర్రు...
సీలాసు గారి చైను.
మా లైన్లో పాలవాడు దానికే లేస్తాడు,
నేను దానికే స్టవ్ వెలిగిస్తాను.
నిరుటి నుంచీ ఆయనకి ఎడం చెవి వినపడదు,
కుడిది సగం.
మొన్నాయన అన్నమాట
పాలు పొంగుతుంటే గుర్తొచ్చింది:
"గట్టెక్కకముందే లేచిపోతున్నాయమ్మా ఈ మధ్య.
నేనేం చేశానో."

కొరిటెపాడు సైకిల్ షాపులో మస్తాన్ని అడిగితే
నూనె డబ్బా ఇచ్చాడు, సన్నటి పొడుగు ముక్కుది.
నలభై ఐదు.
పొట్లం కట్టబోయి ఆగాను.
దీన్ని చేతిలో పెట్టడమంటే
ఆయన చెవుల సంగతి నలుగురిలో చెప్పడమే.

ఆ రాత్రి, అర మాత్ర వెనకగా
బేస్ పాడుతూ ఆయన లోపల.
చర్చి వెనక బాదంచెట్టు కింద
ఫోను లైటు నోట కరుచుకుని నేను.
లింకుకో చుక్క.
పెడలు తిప్పితే మొదట గొణిగింది,
తర్వాత సణిగింది,
తర్వాత ఏమీ అనలేదు.

పండగనాడు పొట్లంలో ఎర్రసిరా బుడ్డి చూసి
"ఎవరో నా లెడ్జరు చూసినవాళ్లే" అని
అందర్నీ వరసగా అనుమానించారు.

కొత్త సంవత్సరం ఆరాధనయ్యాక మెట్ల మీద ఆపారు.
"ఈసారి అవి నాకు అలవాటుపడ్డాయమ్మా!
పాముమెడ పిట్ట పదడుగుల్లో
రెక్కలారేసుకుంటూ కూర్చుంది, నన్ను చూసి కూడా."
కుడిచెవి దగ్గరికి వంగి
"మీ సంగతి వాటికి తెలిసుంటుంది" అన్నాను.

అంతా బాగానే ఉంది.
ఐదింటికి నాకే మెలకువ రావడం లేదు.
పాలూ ఆలస్యమవుతున్నాయి.
ఒక్కోరోజు అలారం పెట్టుకుని మరీ లేచి
కిటికీ దగ్గర నిలబడతాను.
వీధిదీపం కింద
ఓ బురదరంగు తువ్వాలు
చప్పుడు లేకుండా దాటిపోతుంది.
ముక్కు గట్టిగా పట్టుకుంటాను,
తుమ్ము రాకుండా.