ఒక సూది తక్కువ

హసావీలో మూడో అంతస్తు, లిఫ్టు లేని బిల్డింగు.
శుక్రవారం పొద్దున మంచాలు నిలబెట్టి గోడకానిస్తే
గది సరిగ్గా ఒక బొంతంత అవుతుంది.
ఓబుళమ్మ నేల మీద చీర పరుస్తుంది,
నాలుగు మూలలా నాలుగు పప్పు డబ్బాలు.
"ఈడ్చి పట్టండే, ముడత లోపలికి పోతే
కప్పుకున్నోళ్లకు కలలో గూడా ఒత్తుకుంటాది."

మాకు సెలవు నాలుగింటి దాకానే.
కొందరికి అదీ లేదు.
మస్తాన్‌బీ గడప దాటకూడదు;
కూరగాయల బండి డ్రైవరు చేత ముక్కలు పంపుతుంది,
కొత్తిమీర కట్టల మధ్య మడిచి.
ఆ గుడ్డ కుడుతున్నంతసేపూ ఆకలేస్తుంది.

ఏ ముక్క ఎక్కడిదని అడగం. అడగకున్నా చెప్తారు.
ఇది రాజోలు సత్యవేణి వచ్చిన రోజు కట్టుకున్న చీర,
విమానంలో ఒలికిన కాఫీ మరకతో సహా.
ఇది నర్సు లీలామ్మ యూనిఫాం.
జేబు విప్పొద్దంది, చలికి ఎవరైనా
చెయ్యి పెట్టుకుంటారని.
ఇవి పోశెట్టి తెచ్చిన దిష్దాషా కత్తిరింపులు,
తెల్లగా, ఒక్కొక్కటి కోడిరెక్కంత.
జగిత్యాల మనిషి, మిషను మీద పందొమ్మిదేళ్లు.
"గివన్నీ మిషన్ల ఏస్తే గంటల ఒడుస్తయి గదా" అన్నాడు.
"ఒడిస్తే మరి మేమేం మాట్లాడుకోవాల?" అంది ఓబుళమ్మ.
ఆ తర్వాత ఆయనా సూది పట్టాడు.
అందరి కుట్టులోకీ ఆయనదే వంకర.

నా ముక్క ఏనుగుల బొమ్మల పైజామా.
మేడమ్ చిన్నకొడుకుది.
మూడేళ్లు నా చంక దిగనివాడు
ఇప్పుడు పేరు పెట్టి పిలవడు, కేకేసి గ్లాసు అడుగుతాడు.
పారెయ్యమని ఇచ్చింది. పారెయ్యలేదు.
మోకాలి దగ్గర నేను రఫ్ఫు కొట్టిన చోటు
బొంత నడిమధ్యకొచ్చేలా కుట్టాను.
ఓబుళమ్మ చూసింది. చూసి ఊరుకుంది.

జనవరి చలి ఇక్కడ
ఎముకల్లో ఇసుక పోసినట్టుంటుంది.
పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, మనిషి షెల్టర్‌లో,
అట్లాంటి ఆడోళ్లు కటిక నేల మీద పడుకుంటున్నారని విన్నాకే
ఈ మంచాలు గోడకెక్కాయి.
పదకొండు బొంతలు. అప్పజెప్పి వచ్చి
సూదులు లెక్కపెడితే
ఒకటి తక్కువ.

వారమంతా నిద్ర లేదు.
ఉల్లిపాయలు తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా
ఎవరి వీపులోనో దిగుతున్నట్టే ఉంది.
వెచ్చదనం పంపబోయి ముల్లు పంపామే!
పోశెట్టి రెండు దినార్లు పెట్టి
అయస్కాంతం కొన్నాడు.
మళ్లీ శుక్రవారం, మగవాడని ఆయన్ను గేటు దగ్గరే ఆపేశారు.
అయస్కాంతం లోపలికి వచ్చింది.

"దాంతో ఏం పని? దొరికిందిలే" అంది దస్తగిరమ్మ,
లక్కిరెడ్డిపల్లె వైపు మనిషి.
రవిక అంచుకు గుచ్చుకుని ఉంది సూది,
మెడ కింద చిన్న మెరుపు.
బొంత తెచ్చి పరిచింది.
హడావుడిలో మేం వదిలేసిన అంచంతా
తన తలగుడ్డ పోగులు లాగి కుట్టేసింది.
ఎర్రపోగు, చీమలు బారు కట్టినట్టు.
ఒక మూల జానెడు మాత్రం వదిలింది.
"అదేంది?"
"టికెట్టొచ్చిన్నాడు."

లీలామ్మ చెయ్యి చాపింది. ఆస్పత్రి అలవాటు,
లెక్క సరిపోవాలి.
దస్తగిరమ్మ అరచేత్తో రవిక అంచు మూసుకుంది.
"ఆ ఇంట్లో కత్తి వాళ్లది, తాళం వాళ్లది,
ఇస్త్రీపెట్టె వాళ్లది, కాల్చిందీ వాళ్లే.
ఈ ఇనప తునక నాకుండనీ, అక్కా."

ఓబుళమ్మ పుస్తకం తీసి
నలభై కొట్టేసి
ముప్పై తొమ్మిది రాసుకుంది.

తిరుగు బస్సులో పోశెట్టి
జేబులోని తాళంచెవులన్నీ అయస్కాంతానికి అంటుకున్నాయని
గొణుక్కుంటూ పీకుతున్నాడు.
సత్యవేణి నవ్వు ఆపుకోలేకపోయింది.
నాకు కళ్ల ముందు ఆ జానెడు అంచే.
టైము మూడున్నర దాటింది.
అక్కడ గ్లాసు ఖాళీగా ఉంటుంది,
కేక తయారుగా ఉంటుంది.