నాలుగు చీలలు

రథం తిరిగొచ్చి వారమైంది పర్లాకిమిడిలో.
చక్రాల జాడల్లో నిలిచిన వాన నీళ్లతో
సైకిలు కడుక్కుంటున్నాడొక పిల్లోడు.
అప్పుడే టీ కొట్టు టీవీ
లెక్క తేలిపోయిందని చెప్పింది.

బరంపురం బస్సు కండక్టరు ఈల ఆపి
"ఎవరంట?" అన్నాడు.
పేరు విని, "మంచిదే" అని,
చిల్లర మళ్లీ మొదట్నించి లెక్కపెట్టుకున్నాడు.

పార్టీ ఆఫీసు ముందు
పోయిన ఎన్నికల్లో మిగిలిన తారాజువ్వ వెలిగించారు.
చెమ్మెక్కిన సరుకు.
లేచినట్టే లేచి పక్కకి తిరిగి
వాన వెలిసిందని గౌరీశంకర్ పాఢి గారు
డాబా మీద ఆరేసుకున్న పంచెలో పడింది.
రిటైర్డు తాసీల్దారు. మెట్లు దిగొచ్చి
తెలుగులో మొదలెట్టిన తిట్టుని ఒడియాలో ముగించి
లడ్డూ అందుకున్నారు.
ఇంకొకటి మనవరాలికన్నారు.

టీ కొట్టు జలంధర్‌ది వేరే దిగులు.
ఏటికవతల, పాతపట్నం వైపు
ఎమ్మెల్యే ఓటు నూట యాభైతొమ్మిది తూగుతాదంట,
ఇవతల మనది నూట నలభైతొమ్మిదేనంట.
"ఒక్క మహేంద్రతనయ నీళ్లే తాగుతాం గదా,
మజ్జిలో ఆ పదీ ఏటయిపోనాయి?"
"నీ టీలో పాలు ఎక్కడికి పోనాయో అక్కడికే"
అన్నాడు కొమ్ముబొమ్మలు చెక్కే మహారాణా,
గ్లాసు బోర్లించి.

కొండ దిగొచ్చి అనాసపళ్లు అమ్ముకునే
సవర సుమారి అడిగింది,
"మన ఓటు ఎప్పుడు?"
దీనికి మనం వెయ్యమమ్మా,
మనం వేసినోళ్లు వేస్తారు.
కాసేపు ఊరుకుంది.
"అయితే గెలిచినోళ్లకి మనం తెలీదు."
తెలీదు.
"మనకి ఆళ్లు తెలుసు."
తెలుసు.
"ఇదేటి బేరం" అనుకుంటూ గంప నెత్తికెత్తుకుంది.

నాకు మాత్రం పండగే, దాచడమెందుకు.
పటాలు కట్టేవాణ్ణి.
ఢిల్లీలో ఒకరు గెలిస్తే
ఇక్కడ ముప్పై గోడలు నాకు పని చెబుతాయి.
బ్లాకాఫీసు, ఠాణా, పశువుల ఆస్పత్రి,
తెలుగు మాస్టారు లేని తెలుగు బడి.
డబ్బులంటారా, అవి సర్కారు బిల్లు.
చేతికొచ్చేసరికి ఆ పటంలో మనిషి
దిగిపోయే రోజులొస్తాయి.

బడి ప్యూను ఆ సాయంత్రమే మోసుకొచ్చాడు పాత పటం.
కొత్త బొమ్మ ఇంకా అచ్చే కాలేదురా అన్నా వినడు.
పంద్రాగస్టుకి గోడ బోసిగా ఉండకూడదని
హెడ్మాస్టరు గారి హుకుం.

వెనక నాలుగు చీలలు, తుప్పు పట్టి.
పీకి, అట్ట తీస్తే
ఆయన వెనక ఇంకొకాయన,
ఆ వెనక మరొకాయన.
పారెయ్యడానికి ఎవరికీ చెయ్యాడక
ఒకరి మీద ఒకరిని పెట్టి బిగించేశారు.
అడుగున ఉన్నాయన చెవిదాకా చెదలు.
అట్ట మీద మా నాన్న పెన్సిలు రాత:
"ఆరు రూపాయలు. రాలేదు."

గట్టిగా నవ్వాను.
ఆ "రాలేదు" కింద
రెండుసార్లు గీత గీసి ఉంది.
పెన్సిలు ముల్లు అట్టలోకి దిగింది.

చీకటి పడే వేళ సుమారి మళ్లీ వచ్చింది,
గంపలో నాలుగు పళ్లు మిగిలి.
బల్ల మీద వరసగా పరిచిన ముఖాలు చూసి
"వీల్లనేటి సేస్తావు?" అంది.
ఏమో.
"గట్టి కాయితం. ఇటియ్యి.
మా ఉత్తరం గోడ కురుస్తంది."

దేశాన్నేలిన వాళ్లమ్మా,
అలా గోడకి అంటించకూడదు, అన్నాను.

"గోడ మీదే గదా ఉండీది?"

చీలలు నాలుగూ పెదాల మధ్య పెట్టుకుని ఉన్నాను,
కొత్త అట్ట కోస్తూ.
జవాబు చెప్పడానికి వీల్లేకపోయింది.

ఇచ్చానో లేదో అడక్కండి.
కొట్టంతా అనాసపండు వాసన.