పది నిమిషాల కిందటి మబ్బు

మచిలీపట్నం రాడారు
పది నిమిషాలకోసారి కన్ను తెరుస్తుంది.
రెండింటికి జంగారెడ్డిగూడెం మీద
ఆవగింజంత ఆకుపచ్చ.
రెండూ పదికి పసుపు.
రెండున్నరకి, నా వేలిగోరు కింద
పండుమిరపకాయ ముక్క.

స్టూడియోలో ఫ్యాను ఆగిపోయింది.
లైన్‌మాన్ ఏసుదాసు ఫోను:
"గాలొచ్చేదుంటే ముందే చెప్పండి మాస్టారూ,
ఫీడరు నేనే తీసేస్తాను."
నేనేమన్నా వాతావరణ శాఖనా!
పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాణ్ణి.
మూడు వేసవులుగా మెరుపు కోసం
కాపు కాస్తున్నవాణ్ణి.
నా దగ్గర ఇప్పటికి పదకొండున్నాయి.
తొమ్మిది మసక. ఒకటి మెరుపే కాదు,
కరెంటు తీగ.

లెక్క వేస్తాను.
మబ్బు నడక గంటకి ముప్పై ఆరు, నలభై.
రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన
లారీలు అడ్డం రాకపోతే ఇరవై నిమిషాలు.
పెట్రోలు రెండు గీతలుంది.
రాత్రి ఎనిమిదీ నలభై రెండుకి ఊబలంకలో ముహూర్తం,
అడ్వాన్సు ఎప్పుడో ఖర్చయిపోయింది.

వంతెన మధ్యన నిలబడితే
పడమట ఆకాశమంతా ఒకే ఫ్రేములో.
వంతెన మధ్యన నిలబడితే
ఆ చుట్టుపక్కల అందరికంటే ఎత్తు నేనే.
ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని
టీ చల్లార్చుకున్నాను.

మూడుంబావు. తాడేపల్లిగూడెం.
ఎరుపు నడిబొడ్డున ఊదా.
ఈ ఏడాది ఊదారంగు చూళ్ళేదు నేను.
కెమెరా సంచీ
దానంతటదే భుజమ్మీదికి వచ్చింది.

కొబ్బరిచెట్లు అడ్డం లేకుండా
మబ్బు కనబడుతుందని
హైవే వదిలి కాలవగట్టు పట్టాను.
ఈతకోట దగ్గర
రోడ్డు సగానికి పైగా దాళ్వా ధాన్యం.
కాలితో చాళ్ళు తీస్తున్న నూకరత్నం
నన్ను ఆపలేదు. ధాన్యమే ఆపింది.

"ఏటంటంది బాబూ నీ ఫోను?"

ఆవిడకి కావలసిన అంకె పదిహేడు.
తేమ పదిహేడుకి దిగితేనే
కొనుగోలు కేంద్రంలో కాటా.
పొద్దున పంతొమ్మిదట. ఇంకో రెండెండలు చాలట.
నా అంకె యాభై ఎనిమిది,
ఇంకా పెరుగుతోంది.

"వస్తోందండీ" అన్నాను.
అన్నాక, ఆ మాటలో పండగ
నాకే వినబడింది.
పెళ్ళికొడుకు కారు దిగాడని
లోపలికి కేకేసే గొంతు అది.
ఆవిడా విన్నట్టుంది.
నా మొహంలోకి చూసింది, పడమటకి చూసింది,
చెంగు కొస విప్పి గాలికి పట్టింది.
"పైరగాలి ఇంకా ఆడతానే ఉంది.
ఆ గాలీ ఈ గాలీ గుద్దుకున్న కాడ పడద్ది.
అదెక్కడో నీ ఫోనుకేం తెలుసు?
ఎల్లు, ఎల్లు, గింజలు తొక్కకుండా ఎల్లు."

అంచు వెంట బండి నడిపించుకుంటూ
ధాన్యం దాటాను.
దాటాక ఎక్కాను.
బరకాలు ఎన్నున్నాయో అడగలేదు.

వంతెన కింద వశిష్ఠ,
నీళ్ళకంటే ఇసుకమేటలే ఎక్కువ.
పడమట,
రెండు గంటలుగా నేను అరచేతిలో పెంచిన మబ్బు
తణుకు దాటకుండానే కూలబడింది.
బూడిదరంగు తెర, అంతే.
లెన్సు మీద నాలుగు చినుకులు.
దాని కడుపులోంచి జారిన చల్లగాలి మాత్రం
నన్ను దాటుకుని తూర్పుకి పోయింది,
ఎవరికో కబురున్నట్టు.

హెల్మెట్ పెట్టుకుంటూ అద్దం సర్దాను.
అద్దంలో ఈతకోట లేదు.
కింద కాటుక, పైన పొంగిపోతున్న అన్నం గిన్నె,
మధ్యలో వెలుగు,
చప్పుడు లేకుండా, ఒకసారి. మళ్ళీ.

పన్నెండోది.
ఫోకస్ కుదిరింది. చెయ్యి వణకలేదు.
తీశాక గుర్తొచ్చి
ఉరుము దాకా అంకెలు లెక్కపెట్టాను.
పదిహేడు.

ఏసుదాసుకి లైను కలవలేదు.
బండి తూర్పుకి తిప్పి
రాడారు తెరిచాను.
ఈతకోట మీద ఏమీ లేదు, ఒక్క చుక్కయినా.
పది నిమిషాల కిందట అక్కడ ఎండ కాస్తోంది.
ఒకావిడ కాలితో
ధాన్యం తిరగేస్తోంది.