మర కలవలేదు

వ్యాసర్పాడిలో మా లేతు షాపు ముందు
తెల్ల జీపు ఆగింది, బురద చిమ్మకుండా, మర్యాదగా.
ఎన్నూరు వైపు నుంచి మబ్బు
అప్పులవాడిలా తొంగి చూస్తోంది.

ఇంజినీరమ్మ కయల్విళి దిగింది.
పాత తువ్వాల్లో చుట్టిన రెండు ఇనప ముక్కలు
బల్ల మీద పెట్టి
"పెంచలయ్యన్నా, మర కలవడంలేదు" అంది.

పంపు ఒక దేశానిది, గొట్టం ఇంకో దేశానిది.
ఆ రెండు దేశాలూ స్నేహితులట.
పేపర్లో ఫోటో చూశాను.
పొడవాటి బల్ల, పూలు, పూల మధ్య బుల్లి జెండాలు.
మా కాలువ మీద ఇద్దరూ కలిసి జాలిపడి
చెరిసగం వేసుకున్నారట.
చెరిసగమంటే ఇదీ:
పంపు అంగుళాల్లో వచ్చింది,
గొట్టం మిల్లీమీటర్లలో.

తిప్పి చూశాను.
మొదటి రెండు చుట్లు నవ్వుకుంటూ ఎక్కుతాయి.
మూడో చుట్టుకి పళ్ళు కొరుక్కుంటాయి.

ఉత్తరాలు రాశామంది.
ఆ దేశం ఈ దేశాన్ని అడగమంది.
ఈ దేశం, మా వాటా సరిగ్గానే ఉందే, అంది.
జనవరిలో కమిటీ కూర్చుంటుందట.
ఆ మాట వానకి ఎవరు చెప్పాలి?

బోర్డు మాత్రం ముందే నిలబడింది, కాలువ గట్టున.
జెండాలు రెండూ ఒకే కొలత.
కొలిచిన రోజు నేనూ అక్కడే ఉన్నా.
ఇద్దరు దొరలు, చెరో టేపు.
వంగి, లేచి, మళ్ళీ వంగి,
తలలూపుకున్నారు.
అక్కడ కలిసిందిలే
అంగుళమూ మిల్లీమీటరూ.

పంపు మంచిదే, అబద్ధమెందుకు.
ఆ పోత, ఆ నునుపు
నా జన్మలో నేను తియ్యలేను.
అరచేత్తో నిమిరి, మా అన్బుని కూడా నిమరమన్నా.

పోయినేడు మస్తానమ్మ ఇంట్లో ఐదు రోజులు నీళ్ళు.
మంచం మీద కుర్చీ,
కుర్చీ మీద గ్యాసు సిలిండరు,
దాని మీద బియ్యం డబ్బా,
డబ్బా మీద పిల్లి.
మోకాలు, తొడ, నడుము:
ఆమె కొలతలు అవి.
ఏ దేశపు టేపు మీదా ఉండవు.

కాశిమేడులో కొన్న పడవ తుక్కు ఉంది,
గన్‌మెటల్, ఉప్పు తిన్నది.
దాన్ని చక్‌లో బిగించా.
రాత్రి పదకొండుకి కరెంటు పోయింది,
ఒంటిగంటకి వచ్చింది.
ఆలోపు అన్బు టార్చి పట్టుకునే నిద్రపోయాడు.
పసుపు చిలపలు చుట్టలు చుట్టలుగా లేచి
నా చెప్పుల్లోకి దూరాయి.

లోపల అంగుళం మర, బయట మిల్లీమీటరు మర.
మధ్యలో మందం నా చిటికెనవేలంత లేదు.
కష్టమైన పనేం కాదు నాకు.
మా చెంగయ్య తాత నెల్లూరు వదిలి
నూలు మిల్లుకి వచ్చిన రోజునుంచీ
మాది ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట.
రేషను కార్డులో నా పేరు ఒక రకం,
బడి కాగితంలో ఇంకో రకం.
ఎక్కడ బిగించినా ఎక్కుతాను.

"ఎంత?" అంది.
ఎనిమిదొందల యాభై.
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
అన్ని కోట్ల లెక్కలో
ఉంగరం అనే పద్దు లేదంది.
తన సంచిలోంచి ఐదొందలు తీసిచ్చి
మిగతాది తర్వాత, అన్నా, అంది.
నాకు కోపం రాలేదు.
ఆ ఐదొందలు ఏ దేశానివీ కావు, పాపం, ఆమెవే.

మొన్న దంచింది వాన.
పంపు పట్టింది.
సబ్‌వేలో నీళ్ళు గంటకి జానెడు చొప్పున దిగుతుంటే
మస్తానమ్మ పిల్లిని చంకనేసుకుని చూడటానికొచ్చింది.
కెమెరాలొచ్చాయి. గొడుగుల కింద దొరలొచ్చారు.
బోర్డు ముందు నిలబడి చేతులు కలుపుకున్నారు.

నేను వెనక, గొట్టం దగ్గర కూర్చుని
చెవి పెట్టి విన్నా.
అంత హోరులోనూ
నా ఉంగరం ఎక్కడుందో తెలుస్తోంది.
అక్కడ కొంచెం కారుతోంది,
చుక్క, ఆగి, చుక్క.

రేపొద్దున జనపనార పట్టుకెళ్ళాలి.
ఆ మూడొందల యాభై సంగతీ అడగాలి.