ఆరో గడి

అజెండాల పదమూడో అంశం అది,
వీధి లైట్ల బిల్లుకూ కుక్కల ఆపరేషన్లకూ నడుమ.
టైపు కొట్టింది నేనే.
"స్థానిక చిరునామా లేనప్పటికిని" అని మొదలైన వాక్యం
ఊపిరి తిప్పుకోకుండ పేజీ దాటింది.
టీకా, బడి, అంగన్‌వాడి గుడ్డు, నల్లా నీళ్లు
అన్నీ ఆ ఒక్క వాక్యం నెత్తిన, గంప లెక్క.

'అతిథి కార్మికులు' అని దిద్దిండు కమిషనర్ సారు, ఎర్ర పెన్నుతోటి.
అతిథి అంటే, ఎప్పుడు పోతవని అడిగినట్టే గద సార్, అన్న.
పెన్ను కొంచెంసేపు గాలిల ఆగింది.
'వచ్చినవాళ్లు' అని రాసి మూత పెట్టిండు.

జడ్చర్ల మున్సిపాలిటీ మీటింగు హాల్ల
రెండు ఫ్యాన్లు. ఒకటి తిరగదు.
కుర్మయ్య లేచిండు:
"మూడొద్దులకోసారి నల్లా. ముందుగాల మన బిందెలు నిండాలె గద..."
మిగతాది సీసనీళ్లతోటి మింగిండు.
బట్టీ ఎవరిదో,
నవంబర్ల లారీ ఎనభైమందిని ఎవరి జాగల దింపిందో
హాల్ల అందరికీ ఎరుకే.
టేబుల్ మీది బిస్కెట్లకు సుత ఎరుకే.

పదకొండో వార్డు ఆశమ్మ ఎన్నడూ మాట్లాడదు,
సంతకం పెట్టి పోతది.
ఆ దినం కూసున్న కాడికెల్లే అన్నది:
"షోలాపూర్ అవతల కట్టపని కాడ పుట్టిన నేను.
బొడ్డు కోసింది ఎవరో మరాఠీ ముసల్ది.
మా అవ్వకు ఆమె మాట రాదు, ఆమెకు మా అవ్వ మాట రాదు.
కొడవలి కాల్చి, నీళ్లు కాగబెట్టి
పొద్దు పొడిచేదాంక కూసున్నదట.
ఆమె ఏ మీటింగు పెట్టింది?"

చేతులు లేచినయి.
కుర్మయ్యది సగం లేచింది.
మినిట్స్ బుక్కుల సగం చెయ్యికి గడి లేదు,
పూర్తిగనే రాసిన.

నేను సుత పాలమూరు లేబరు బిడ్డనే.
నా సర్టిఫికెట్ల పుట్టిన ఊరు, పెద్దసారుకు తోచిన ఊరు.
పుట్టిన తేదీ, బడి తెరిచిన తేదీ.

కిటికీ కాడికి మొదలు వచ్చింది సుకాంతి బాగ్, బలంగీర్ జిల్లా.
చంకల కొడుకు టుకునా. గోర్లల్ల ఎర్రమన్ను.
ఆమెకు వచ్చిన తెలుగు మూడు మాటలు:
ఇటుక, నీళ్లు, అడ్వాన్సు.
నాకు ఒడియా గంత గూడ రాదు.
ఆరో గడిల ఏం రాయాలె?
ఫారం అటు తిప్పి పెన్నిచ్చిన.
ఒక గీత గీసింది, అది బట్టీ.
ఒక కొక్కెం, అది బోరింగు.
పక్కపొంటి మూడు చుక్కలు, పొయ్యిరాళ్లు.
చుక్కల మీద వేలు పెట్టి నా దిక్కు చూసింది.
'బోరింగుకు తూర్పున నలభై అడుగులు, మూడు రాళ్లు' అని ఎక్కించిన.
కంప్యూటర్ మొదలు ఒప్పుకోలే.
పిన్‌కోడ్ అడిగింది, ఇచ్చిన.

తొలిదినం టుకునా గుడ్డు తినలే,
అంగీ జేబుల పెట్టి బట్టీ దాంక మోసిండట, తల్లికని.
జేబంత సొన.
బాలమణి టీచర్ నాకు ఫోన్ చేసి నవ్వింది,
నడుమల నవ్వు ఆపి, ఉంట మల్ల, అన్నది.
వారం తిరిగేసరికి ఆట కాడ పోరగాండ్లంత
"ఆస! ఆస!" అని పిలుచుకునుడే.
ఒడియాల 'రా' అనట.

కార్డు అచ్చయి వచ్చేసరికి మిరుగు పడ్డది.
బట్టీ చల్లారింది. లారీ మళ్ల వాళ్లను ఎత్తుకపోయింది.
నా డ్రాయర్ల, స్టాంపు ప్యాడ్ కింద
టుకునా ఫొటో కండ్లు పెద్దగ జేసి చూస్తున్నది.
ఇన్ని సంతకాలకు ఇంత దూరమేనా అని
ఆ దినం చాయ్ తాగబుద్ధి గాలే.

నాలుగో షరతు ఒకటున్నది, నేను ఇరికించింది:
సీజను తిరిగొచ్చేదాంక పేరు కొట్టెయ్యొద్దు.

బాలమణి టీచర్ పొద్దున్నే హాజరు పిలుస్తది.
సిరిచందన. ఉన్న టీచర్.
ముజమ్మిల్. ఉన్న టీచర్.
టుకునా.
గుడ్లు ఒలుచుకుంట పోరగాండ్లంత ఒక్క గొంతుతోటి:
"ఇంకా రాలే టీచర్!"