చెరపమంటారా?

చేతితొడుగులు తెచ్చుకోండి, తడిపి మరీ తెచ్చుకోండి అని
ఫోన్లోనే చెప్పాడు అవీమోర్ దుకాణం కుర్రాడు.
సింకులో ముంచి, పిండకుండా,
రొట్టె సంచిలో వేసుకుని బస్సెక్కాను.
దారంతా ఒళ్లో చలి కారుతూనే ఉంది.

పందొమ్మిదేళ్లు పటం ఇష్‌బెల్ చేతిలో,
ఫ్లాస్కు నా చేతిలో.
పొగమంచు దిగిందంటే తను పటం వైపు చూసేది,
నేను తన మొహం వైపు.
నాకు తెలిసిన దిక్సూచి అంతే.
ఈ ఏడు తన మోకాలు మెట్లకే ఒప్పుకోవడం లేదు.
"కాగితానికి బ్యాటరీ అయిపోదు" అంటుంది, కిటికీ పక్కన కూర్చుని.
నిజమే. కాగితం చదవడం రావాలిగా.

కుర్రాడు రూరి గాజు బల్ల మీద నాలుగు పరిచాడు.
అరచేతిలో వైకుంఠం చూపిస్తారంటారే,
ఇతను నిజంగానే చూపించాడు:
రంగుల కొండలు, నీలం గీతల వాగులు,
నెత్తిమీద ఉపగ్రహాలు ఎన్ని మేలుకున్నాయో ఆ లెక్కా.
వేలితో తోస్తే కొండ జరిగింది.
తడి తొడుగుతో తోస్తే జరగలేదు.
అప్పుడు దాన్ని తలుపు బయట వానలోకి చాచాడు.
పడిన ప్రతి చినుకునీ అది ఆజ్ఞ అనుకుంది.
పటం తనంతట తానే ఉబ్బి, కుంచించుకుపోయి,
ఎవరూ అడగని ఊరికి దారి వెతకసాగింది.
ఇద్దరం నవ్వాం.
"అందుకే మీటలున్నది చూడండి" అన్నాడు.

మీటలున్న కొత్తదాని ధర వింటే
కోటు కంటే ముందు లెక్క తడిసి మోపెడైంది.
బడి వంటగదిలో గరిటె తిప్పే చేతికి
రెండు వారాల జీతం.

అప్పుడు సొరుగు లాగి
సబ్బుబిళ్లంత దాన్నొకటి తీశాడు.
వాడినది. ఒక మూల గీరుకుపోయింది,
మీటల మీది బాణాలు ఎవరి బొటనవేలికో అరిగాయి.
గోడ గడియారంలో వేసే బ్యాటరీలే, రెండు.
"ఒక్క లోపం," అన్నాడు,
"నిలబడి అడిగితే మీరెటు తిరిగున్నారో చెప్పలేదు.
నాలుగడుగులు వేయండి, అప్పుడు చెబుతుంది."
నాకది లోపంలా వినిపించలేదు.
ఈ వసంతమంతా నేనూ
గుమ్మంలో నిలబడే అడుగుతున్నాను.

తెర వెలిగింది. పాత మనిషి గుర్తులు లోపలే ఉన్నాయి,
నలభై ఆరు.
నీళ్లు. కారు. విరిగిన వంతెన.
గాలి తగలని గోడ. మళ్లీ నీళ్లు.
బురద, నమ్మకు.
చిట్టచివర ఒకటి: చూడు.
"చెరిపి ఇవ్వమంటారా?" వేలు మీట మీదే ఉంచి అడిగాడు.
ఆగమన్నాను.
ఎవరిదని అడిగితే రసీదు తిరగేశాడు.
గిల్లీస్ అట. ఇప్పుడు కొండలు మానేసి పడవ కొన్నాడట.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను.
పైన చదునంతా పొగమంచు,
చాచిన చెయ్యి మోచేతి దాకే నాది.
బాణం చెప్పింది: చూడు, ఎడమకి, రెండువందల పన్నెండు మీటర్లు.
తడి తొడుగులతో మీట నొక్కుకుంటూ పోయాను.
నూట ఎనభై. తొంభై. నాలుగు.
సున్నా.
ఒక బల్లపరుపు రాయి, దాని మీద నాచు.
చుట్టూ తెలుపు. పాలగిన్నెలో పడ్డ చీమలా నేను.
ఎటు చూడాలి, గిల్లీస్?
పదకొండు ఉపగ్రహాలు నామీదే కళ్లేసి ఉన్నాయి,
వాటికీ తెలియదు.
జున్ను రొట్టె తిన్నాను.
అలవాటుకొద్దీ టీ రెండు కప్పుల్లో పోశాను,
రెండూ నేనే తాగాను.

వచ్చి చెబితే ఇష్‌బెల్ పటం విప్పి,
కళ్లద్దాలు నుదుటికెత్తి, అంకెలు అడిగింది.
వేలు నడిపి నడిపి ఒకచోట ఆపింది.
కాసేపు మాట్లాడలేదు.
"ఏముందక్కడ?"
"ఎండ కాసే రోజు చూసుకుని వెళ్లు" అంది.
అంతకు మించి చెప్పదట.

ఆ రాత్రి కూర్చుని
కారు అన్న గుర్తొక్కటి చెరిపేశాను.
నాకు కారు లేదు.