చీపురు కింద చీటీ

పోస్టర్లకు పైసల్లేవు.
ఫ్లెక్సీకి అనుమతి లేదు.
మెస్ ఎనుక పాత జనరేటర్ గది చూపించి
"ఇదే మీ గ్యాలరీ" అన్నరు.
తాళంచెవి చేతిల పెట్టేటప్పుడు
నవ్వు ఆపుకున్నట్టే అనిపించింది.

సున్నం మేమే వేసినం.
డీజిల్ వాసన మాత్రం సున్నానికి లొంగలే.
ఇరవై మూడు బొమ్మలు, నాలుగు మట్టి తలకాయలు,
నవనీత అల్లిన రాగితీగల గూడు.
మొదటి మూడు రోజులు
చూడవచ్చింది ఒక తొండ.
అది కూడా గూడు కాడ ఆగలే.

అప్పుడు తాహెర్ అన్నడు:
"మన బొమ్మల దగ్గరికి రమ్మని జనాన్ని పిలుస్తున్నం.
జనం రోజూ తొక్కుకుంట పోయేదాన్నే
బొమ్మ అంటే?"

ఆ రాత్రి
గుండ్లసింగారం దిక్కు కుక్కలు మొరుగుతుంటే
అట్టముక్కలు, ఉడికించిన మైదా,
చార్జింగు అయిపోవస్తున్న ఒక ఫోను వెలుగు.
క్యాంపస్ అంతా చీటీలు అంటించినం.

కారే నల్లా కింద:
"పేరు: విచారణ కమిటీ.
మాధ్యమం: తుప్పు, నీళ్లు.
ఆరేండ్లుగా కొనసాగుతున్న రచన."

లైబ్రరీ మెట్టు మీద అరిగిన గుంత పక్కన:
"పేరు: గ్రూప్ టూ.
మాధ్యమం: చెప్పులు."

స్టాఫ్ రూముల కాలు విరిగిన కుర్చీకి:
"పేరు: కాంట్రాక్టు లెక్చరర్.
మాధ్యమం: ప్లాస్టిక్, సుతిలి తాడు, పదిహేనేండ్లు."

హాస్టల్ తీగ మీద ఒంటి సాక్సుకు:
"రెండోది ప్రైవేటు సేకరణలో ఉంది."

ప్రతి చీటీ అడుగున సన్నగ:
మిగతావి జనరేటర్ గదిల. టికెట్ లేదు.

ఆఖరుది, తురాయి చెట్టుకు ఆనించిన పొడుగు చీపురుకు.
"పేరు: పొద్దున ఐదు.
మాధ్యమం: కొబ్బరి ఈనెలు, వెదురు, నడుంనొప్పి.
కళాకారుడు: తెలియదు."

తెల్లారి సెక్యూరిటీ మొగిలి సగం పీకేసిండు.
తన స్టూలు మీది చీటీని మాత్రం
చదివి, మడిచి, జేబుల పెట్టుకున్నడు.
దాంట్ల ఏం రాసినమో మాకు యాదికి లేదు.
ఆయన చెప్పడు.

ఆఫీసు నుంచి రెండొందల జరిమానా.
రశీదుకు చట్రం కట్టి గోడకు తగిలించినం.
మాధ్యమం: కార్బన్ కాపీ.

పదకొండింటికి సమ్మక్క
చీటీ పట్టుకోని సీదా క్లాసుకే వచ్చింది.
సారు పాఠం ఆపిండు.
"ఏం రాసిండ్రు బిడ్డా, సదువు."

చదివిన.
పొద్దున ఐదు అంటే "నాలుగున్నర" అన్నది.
నడుంనొప్పి అంటే నవ్వింది.
తెలియదు కాడ ఆగింది.
"ఎవలకు తెల్వది?
ఇరవై ఏండ్ల సంది ఊడుస్తున్న ఈడ.
తెల్వకపోతే అడగరాదుండ్రి?"

నా దగ్గర జవాబు లేదు, పెన్ను ఉన్నది.
కొట్టేసి రాసిన, సమ్మక్క.
"ఇంటిపేరు?"
జన్ను సమ్మక్క.

మరునాడు పొద్దున
మూడో అంతస్తు నుంచి నవనీత కేకేసింది.
కింద
రాలిన తురాయి రేకలు, ఎండుటాకులు,
చింపిన హాల్‌టికెట్ల ముక్కలు
కుప్పలు కాలేదు, గీతైనయి.
సైన్సు బ్లాకు కాడ మొదలై
రెండు మలుపులు తిరిగి
జనరేటర్ గది ముంగట బాణం మొన.
అంత పొడుగు గీత
మాలో ఎవలం ఎన్నడూ గీయలే.

పదింటికి గాలి లేచింది.
మొన వంగి క్యాంటీన్ దిక్కు తిరిగింది.
సగం మంది అటే పోయిండ్రు.
కొంచెం సేపటికి ఆ సగం కూడా వచ్చింది,
చేతుల్ల సమోసాలతోని.

సందర్శకుల పుస్తకంల నూటపదకొండు పేర్లు,
నూనె మరకలు లెక్కపెట్టలే.
మొదటి పేజీల ఒక్కటే పేరు.
చీటీ పక్కన పెట్టుకోని
చూసుకుంట గీసిన పేరు.
జన్ను కింది వత్తు జారి
కింది గీత మీద కూసున్నది.

దాన్ని ఇరవై నాలుగో బొమ్మగ
జాబితాల చేర్చాలంటడు తాహెర్.
"ఆమెను అడగకుండనేనా?" అన్నది నవనీత.

ఇంకా అడగలే.
నాలుగున్నరకు
ఎవలం లేస్తం?